గాజు గ్లాసులో శాంటొరిని, సూట్‌కేసులో కువైట్

మే నెలలో కర్నూలులో నీడపట్టునే 42, 43 డిగ్రీల వేడి ఉంటుంది. అలాంటి మధ్యాహ్నం కొరియర్ వ్యానులో నుంచి ఒక చిన్న అట్టపెట్టె దిగిందనుకుందాం. లోపల మందపాటి గాజు గ్లాసు, అందులో మీగడ రంగు మైనం, మధ్యలో నూలు ఒత్తి, మూత మీద శాంటొరిని, క్యోటో, మరాకేష్ వంటి ఏదో ఒక పరదేశపు ఊరి పేరు. మూత తీస్తే మైనం మీద చెమట పట్టినట్టు నూనె బొట్లు తేలి ఉంటాయి, ఒత్తి ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. ఇందులో మోసమేమీ లేదు. గ్లాసుల్లో పోసే సోయా మైనం సుమారు 50 డిగ్రీల దగ్గర కరుగుతుంది. కొబ్బరి మైనం కలిపిన మిశ్రమాలు ఇంకా ముందే మెత్తబడతాయి. ఎండలో నిలిపిన వ్యాను లోపలి వేడి ఆ హద్దును సులువుగా దాటుతుంది. చల్లని దేశాల గదులను మనసులో పెట్టుకొని ఈ వస్తువును రూపొందించారన్న సంగతిని అందరికంటే ముందు మైనమే చెప్పేస్తుంది.

అయినా ఈ పరిమళ కొవ్వొత్తులు రాయలసీమ ఇళ్లకు వస్తూనే ఉన్నాయి. గృహప్రవేశానికి కానుకగా వస్తాయి, పెళ్లికి వెళ్లినవారికి తిరుగు కానుకగా వస్తాయి, ఫోనులో చూసి తెప్పించుకున్నవి వస్తాయి. వీటిలో ఖరీదైనవి వేల రూపాయల్లో ఉంటాయి. చూడని ఊరి పేరు పెట్టిన వాసనకు అంత డబ్బు ఎందుకు, ఆ డబ్బుకు చేతికి వచ్చేది ఏమిటి అన్నది తేలిక ప్రశ్న కాదు. పైగా దూరదేశాల వాసన ఈ సీమకు కొత్తదేమీ కాదు. ఇదివరకు అది వచ్చిన దారి వేరు, అంతే.

కొవ్వొత్తి చరిత్ర తెలుగు మాటలోనే ఉంది. కొవ్వుకు ఒత్తి చేరితే కొవ్వొత్తి. ఐరోపాలో శతాబ్దాల పాటు సామాన్యుల ఇళ్లలో వెలిగింది పశువుల కొవ్వుతో చేసిన ఒత్తే. కాలుతుంటే పొగ, కమురు వాసన. శుభ్రంగా వెలిగే తేనెమైనపు ఒత్తులు చర్చిలకు, రాజభవనాలకు, సంపన్నులకు మాత్రమే అందేవి. 1643లో పారిస్‌లో మొదలైన ట్రూడాన్ సంస్థ ఆ తేనెమైనంతోనే పేరు తెచ్చుకొని, తర్వాత ఫ్రాన్స్ రాజాస్థానానికి ఒత్తులు అందించింది. ఆ సంస్థ పుట్టిన తొమ్మిదేళ్లకు, 1652లో, ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలవడానికి గండికోటకు వచ్చాడు. పారిస్ వారికి ఆనాడు అబ్బురంగా చెప్పుకోదగిన దూరదేశం పెన్నా ఒడ్డున ఉన్న ఈ కోటే. 1825లో షెవ్రూల్, గే-లుసాక్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కొవ్వు నుంచి గట్టి స్టియరిక్ ఆమ్లాన్ని వేరుచేసి ఒత్తులు పోసే పద్ధతికి పేటెంటు తీసుకున్నారు. 19వ శతాబ్దం మధ్యలో పారఫిన్ అనే ఖనిజ మైనం వచ్చింది. కమురు వాసన పోయింది, ధర దిగింది. తర్వాత కరెంటు దీపం వచ్చి కొవ్వొత్తికి ఉన్న అసలు పనినే తీసేసుకుంది. మిగిలినవి అలంకారం, వాసన. 1961లో పారిస్‌లో ఒక చిన్న దుకాణంగా మొదలైన డిప్టిక్ 1963లో తన మొదటి పరిమళ కొవ్వొత్తులను అమ్మకానికి పెట్టింది. వాటిలో ఒకటి తేయాకు వాసన, ఒకటి దాల్చిన చెక్క వాసన.

రాయలసీమలో ఈ మలుపు జరగలేదు. ఇక్కడ కొవ్వొత్తి అంటే కరెంటు పోయినప్పుడు చీకట్లో అలమార తడిమి వెతికే తెల్లటి వస్తువు, చర్చిలో మొక్కుకొని వెలిగించేది. వాసన కోసం దాన్ని వెలిగించాలన్న ఆలోచనే రాలేదు, ఎందుకంటే వెలుగుకూ వాసనకూ ఇంట్లో వేర్వేరు ఏర్పాట్లు ఉన్నాయి. ధూపం ఒక ఉపచారం, దీపం మరొకటి. పూజలో ఒకదాని వెంట ఒకటి సమర్పిస్తారు, రెండింటినీ కలపరు. నువ్వుల నూనె దీపం పరిమళించాలని ఎవరూ కోరరు. నిప్పుల మీద చల్లిన సాంబ్రాణి వెలుగునివ్వాలని ఎవరూ ఎదురుచూడరు. పరిమళ కొవ్వొత్తి ఈ రెండు పనులనూ ఒకే ఒత్తికి అప్పగించింది, అదీ పొగ రాకూడదన్న షరతుతో. ఇది చాలా కష్టమైన పని. మంచి కొవ్వొత్తి చేయడంలో ఉన్న నేర్పును తక్కువ చేసి చూడకూడదు.

మంట వేడికి ఒత్తి చుట్టూ మైనం కరిగి చిన్న మడుగవుతుంది. ఆ మడుగు మీది నుంచి సువాసన అణువులు ఆవిరై గదిలోకి పాకుతాయి. ఒత్తి వెంట పైకి ఎక్కి మంటలో పడిన తైలం మాత్రం మైనంతో పాటే కాలిపోతుంది, దాని వాసన గదికి దక్కదు. అందుకే మడుగు వెడల్పు ముఖ్యం. మొదటిసారి వెలిగించినప్పుడు మైనం గాజు అంచుల దాకా కరిగేవరకు, అంటే రెండు మూడు గంటలు, ఉంచాలి. తొందరపడి ఆర్పేస్తే ఆ తర్వాత ప్రతిసారీ మధ్యలోనే బావిలా గుంట పడుతూ పోతుంది, చుట్టూ ఉన్న మైనం వృథా అవుతుంది. వెలిగించే ముందు ప్రతిసారీ ఒత్తిని 6 మిల్లీమీటర్ల పొడవుకు కత్తిరించాలి.

సీమలో అసలు చిక్కు ఫ్యానుతో వస్తుంది. మార్చి నుంచి జూన్ దాకా ఫ్యాను తిరగని గదిలో కూర్చోవడం ఎవరి వల్లా కాదు. ఫ్యాను గాలికి మంట వణుకుతుంది, సరిగా కాలని మైనం మసిగా మారి గ్లాసు అంచుకు పడుతుంది, వాసన ఒకచోట నిలవదు. కిటికీలు బిగించిన ఏసీ గదిలో మంట నిలకడగానే ఉంటుంది కానీ ఆ గాలి బయటికి పోయే దారి ఉండదు. కాబట్టి తర్వాత తలుపులు తెరవడం తప్పనిసరి. ఉబ్బసం ఉన్నవారి గదిలో, పసిపిల్లల గదిలో వెలిగించకపోవడమే మంచిది. అన్నీ చూస్తే అనంతపురంలో ఈ వస్తువుకు సరైన కాలం డిసెంబరు, జనవరి రాత్రులు మాత్రమే.

ఇక డబ్బు లెక్క. డిప్టిక్ వారి మామూలు కొవ్వొత్తి 190 గ్రాములు, ధర అమెరికాలో 70 డాలర్ల పైనే. సుమారు 60 గంటలు వెలుగుతుందనుకుంటే గంటకు కరిగే మైనం మూడు గ్రాముల పైచిలుకు. కొవ్వొత్తుల్లో సువాసన తైలం సాధారణంగా 6 నుంచి 10 శాతం ఉంటుంది. పది శాతం వేసుకున్నా ఆ గ్లాసులో ఉండేది 19 గ్రాములు. మిగతా ధర గాజుకు, పెట్టెకు, పెద్ద నగరాల్లో దుకాణం అద్దెకు, పరిమళాన్ని కూర్చిన నిపుణుల పనికి, అన్నిటికంటే ఎక్కువగా పేరుకు పోతుంది. పేరుకు డబ్బు ఇవ్వడం తప్పని చెప్పడం లేదు. ధర్మవరం పట్టుచీరకు కూడా ఊరి పేరే సగం విలువ. అయితే ధర్మవరం చీరను ధర్మవరంలో నేస్తారు, ఆ ఊరి మగ్గాల మీద, ఆ ఊరి చేతులతో. శాంటొరిని కొవ్వొత్తికి శాంటొరినితో అలాంటి సంబంధం ఉండవలసిన అవసరం లేదు. ఆ ద్వీపపు నేలను, గాలిని, పనివారిని తాకకుండానే ఆ పేరు పెట్టుకోవచ్చు.

మరి ఆ పేరుకు తగిన వాసనను దేనితో చేస్తారు? సముద్రాన్నే తీసుకుంటే, పరిమళ పరిశ్రమలో సముద్రమంటే చాలాకాలంగా కలోన్ అనే ఒక రసాయనం. 1966లో ఫైజర్ సంస్థ రసాయన శాస్త్రజ్ఞులు దాన్ని కనుగొన్నారు. కొద్దిగా పుచ్చకాయను, కొద్దిగా ఉప్పుగాలిని గుర్తుచేసే వాసన అది. నిజమైన సముద్రపు ఒడ్డు వాసనలో పెద్ద భాగం డైమిథైల్ సల్ఫైడ్ అనే రసాయనానిది, సూక్ష్మమైన సముద్ర జీవుల నుంచి పుట్టేది. దాన్ని కాస్త ఎక్కువ మోతాదులో సీసాలో పడితే ఉడికిన క్యాబేజీ వాసన వస్తుంది, ఎవరూ కొనరు. జపాన్ చెర్రీ పువ్వుల కథ ఇంకా విచిత్రం. ఆ దేశంలో వీధుల నిండా పూసే సొమేయ్ యొషినో రకం చెర్రీ పువ్వుకు చెప్పుకోదగ్గ వాసనే లేదు. ఉప్పులో ఊరబెట్టిన ఒషిమా అనే మరో రకం చెర్రీ ఆకులకు మాత్రం కూమరిన్ అనే పదార్థం వల్ల తియ్యటి వాసన వస్తుంది, వాటితో మిఠాయిలు చుడతారు. క్యోటో వసంతం అని అమ్మే వాసనలో పువ్వు కంటే ఊహే ఎక్కువ. బాలి పేరుతో వచ్చే కొబ్బరి వాసన సాధారణంగా గామా నోనలాక్టోన్ అనే పదార్థానిది. గుడిలో కొట్టిన కొబ్బరికాయ వాసన కాదది, కొబ్బరి మిఠాయి వాసన.

అంటే ఈ కొవ్వొత్తిలో ఉన్నది ఊరి వాసన కాదు, ఆ ఊరి గురించి నలుగురూ ఒప్పుకున్న ఒక గుర్తు. మరాకేష్ అంటే పుదీనా తేనీరు, దేవదారు కొయ్య. ప్రొవాన్స్ అంటే లావెండర్. రోడ్డు పక్క డీజిలు పొగ, చేపల సంత, వాన నీటిలో నానిన గోడ, ఇవి ఏ ఊరి గుర్తులోకీ రావు. గండికోటను భారతదేశపు గ్రాండ్ క్యాన్యన్ అని పిలవడంలోనూ ఇదే అలవాటు పనిచేస్తోంది. కళ్లముందున్న ఎర్రమల కొండల గండిని, అమెరికాలో ఎప్పుడూ చూడని లోయ పేరుతో తప్ప మెచ్చుకోలేకపోవడం బాధ కలిగించే సంగతి. గండికోటకు ఆ పేరే దాని గండి వల్ల వచ్చింది. ఇంకో పేరు అరువు తెచ్చుకోవలసిన పని లేదు.

వాసనను ఉన్నదున్నట్టు పట్టే పద్ధతులూ లేకపోలేదు. పూసిన పువ్వును కోయకుండానే దానిపై గాజు గుండు బోర్లించి, లోపలి గాలిని సేకరించి, అందులో ఏయే అణువులున్నాయో విడదీసి చూస్తారు. పరిమళాలు తయారుచేసే ఐఎఫ్ఎఫ్ సంస్థలో ఈ పనికి పేరుపడ్డవారు భారతీయ రసాయన శాస్త్రజ్ఞుడు బ్రజ ముఖర్జీ. 1998లో ఆయన బృందం డిస్కవరీ నౌకలో ఒక చిన్న గులాబీ మొక్కను అంతరిక్షానికి పంపింది. అక్కడ పూసిన పువ్వు వాసన భూమి మీది వాసనలా లేదు. చోటు మారితే గులాబీ కూడా మారిపోతుందన్నమాట. పువ్వును ఎంత శ్రద్ధగా పట్టినా, అది పూసిన చోటు గాజు గుండులోకి రాదు.

అయినా కొన్ని పరిమళాల్లో ఊరు నిజంగా ఉన్నట్టే అనిపిస్తుంది. అవి ఎలా పుట్టాయో చూస్తే కారణం తెలుస్తుంది. డిప్టిక్ స్థాపకుల్లో ఒకరైన ఈవ్ కూస్లాఁ బాల్యం వియత్నాంలో గడిచింది. అక్కడి దోసన్ సముద్రతీరంలో వేసవి సాయంత్రాలు, గాలిలో తేలివచ్చే ఒక పువ్వు వాసన ఆయనకు గుర్తుండిపోయాయి. ఆ గుర్తు నుంచే 2005లో దోసన్ అనే పరిమళం వచ్చింది. ఆ పువ్వు మరేదో కాదు, మనం నేలసంపంగి అనేది, పూల అంగడిలో లిల్లీ పేరుతో బుట్టల్లో తూచి అమ్మేది. దాని పుట్టిల్లు మెక్సికో. మెక్సికో పువ్వు ఒక ఫ్రెంచి పిల్లవాడికి వియత్నాం అయింది, కడప ఇంట్లో పెళ్లిదండ అయింది. స్టాక్‌హోమ్‌లో 2006లో బైరెడో అనే పరిమళాల సంస్థను పెట్టిన బెన్ గోరమ్ తల్లి భారతీయురాలు, ముంబయిలోని చెంబూరు ఆమె ఊరు. ఆ సంస్థ తొలినాళ్ల పరిమళాల్లో ఒకదాని పేరు చెంబూరు సాంబ్రాణి అనే అర్థం వచ్చే ఫ్రెంచి మాట.

ఈ రెండూ యాత్రికుల వాసనలు కావు. ఒక ఊళ్లో పెరిగి, లేదా ఆ ఊరి మనిషి కడుపున పుట్టి, దూరమైనవారి వాసనలు. ముక్కు నుంచి వచ్చే సంకేతాలు మెదడులో భావోద్వేగాలకు, జ్ఞాపకానికి సంబంధించిన భాగాలను చేరే దారి, చూపు, వినికిడి దారుల కంటే దగ్గరిది. వాసనను పసిగట్టే గ్రాహకాల జన్యువులను 1991లో గుర్తించిన రిచర్డ్ ఆక్సెల్, లిండా బక్‌లకు 2004లో నోబెల్ బహుమతి వచ్చింది. కానీ మనిషిలో ముందే ఉన్న జ్ఞాపకాన్ని మాత్రమే వాసన తట్టి లేపగలదు. ఎన్నడూ వెళ్లని ఊరి జ్ఞాపకాన్ని ఏ తైలమూ కొత్తగా పుట్టించలేదు. కర్నూలులో శాంటొరిని కొవ్వొత్తి వెలిగిస్తే గుర్తుకొచ్చేది శాంటొరిని ఫొటో మాత్రమే.

రాయలసీమకు దూరదేశపు వాసన నిజంగా వచ్చిన దారి ఒకటుంది. రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుంచి కొన్ని దశాబ్దాలుగా వేలమంది కువైట్‌కు పనికి వెళ్తున్నారు. డ్రైవర్లుగా, ఇళ్లలో పనివారుగా, తోటల్లో, నిర్మాణాల్లో. రెండేళ్లకో మూడేళ్లకో వారు ఊరికి వచ్చినప్పుడు సూట్‌కేసు తెరిచే క్షణం కోసం ఇంటిల్లిపాదీ చుట్టూ చేరతారు. సబ్బులు, సెంటు సీసాలు, ఖర్జూరాలు, పొడిపాలు, అత్తరు, బొగ్గుల మీద వేసుకునే బఖూర్ అనే ధూపపు ముక్కలు, అన్నీ కలిసి ఒకే వాసనగా బయటికి వస్తాయి. ఆ ఇంటి పిల్లలకు అదే కువైట్. పెద్దయ్యాక ఏ అంగడిలోనైనా ఆ వాసన తగిలితే వారికి గుర్తొచ్చేది ఎడారి కాదు, తలుపు దగ్గర నిలబడ్డ నాన్న, లేదా గుర్తుపట్టడానికి ఒక్క నిమిషం పట్టిన అమ్మ.

ఆ బఖూర్ ప్రయాణాన్ని వెనక్కి పట్టుకుపోతే ఇంకో సంగతి బయటపడుతుంది. అందులో మేలైనది అగరు చెక్క. అగరు చెట్టుకు ఒక రకం బూజు సోకితే, దాన్ని తట్టుకోవడానికి చెట్టు ఊరించే నల్లటి జిగురులోనే ఆ పరిమళం ఉంటుంది. ఆ చెట్లు అరబ్బు ఎడారిలో పెరగవు. అస్సాం అడవుల్లో, ఆగ్నేయాసియాలో పెరుగుతాయి. మన అగరువత్తికి పేరిచ్చింది ఆ చెట్టే, ఇప్పటి వత్తుల్లో అగరు దాదాపు లేకపోయినా. అస్సాం చెట్టు గల్ఫ్‌కు పోయి, అక్కడి నుంచి కడపకు కువైట్ వాసనగా తిరిగొచ్చింది. సాంబ్రాణిదీ ఇలాంటి కథే. అమీన్ పీర్ దర్గాలోనైనా దేవుని కడప గుడిలోనైనా పరాయిదని ఎవరూ అనుకోని ఆ ధూపంలో అసలు రకం సుమాత్రా దీవి చెట్టు బంక. అరబ్బు వర్తకులు దాన్ని జావా ధూపమని పిలిచేవారు. అది మనదైంది పేరు చూసి కొన్నందుకు కాదు, తరతరాలుగా పసిపిల్లల తల ఆరబెట్టడానికి, శుక్రవారం ఇల్లంతా పొగ పట్టించడానికి వాడినందుకు.

ఇక దగ్గరే ఉన్నదాని మాట. ఒమాన్ దేశపు ధోఫార్ కొండల్లో పెరిగే బాస్వెల్లియా చెట్టు బంకకు పరిమళ ప్రపంచంలో గొప్ప పేరుంది. ఆ పేరుతో వచ్చే కొవ్వొత్తులు ఖరీదైనవి. దానికి దగ్గరి చుట్టమైన మరో బాస్వెల్లియా చెట్టు తిరుపతి నుంచి కడప వైపు సాగే శేషాచలం, వాటి చుట్టుపక్కల కొండల్లోనే పెరుగుతుంది. స్థానికంగా కొండ గుగ్గిలం అంటారు, కొండ సాంబ్రాణి అని కూడా అంటారు. శాస్త్రజ్ఞులు దానికి పేరు పెట్టింది 1961లోనే. బంక కోసం బెరడును లోతుగా నరికితే చెట్టు నిలవదు, ఇప్పటికే దాని సంఖ్య ఆందోళన కలిగించే స్థితిలో ఉంది. కాబట్టి దీన్ని సీసాల్లో పోసి అమ్మాలని చెప్పడం ఇక్కడ ఉద్దేశం కాదు. ఒమాన్ ధూపం పేరు తెలిసిన కడప యువతకు కొండ గుగ్గిలం పేరు తెలియకపోవడమే వెలితి. ఎర్రచందనం సంగతి దీనికి తలకిందులు. దాని పేరు అందరికీ తెలుసు, వాసన ఉంటుందనీ అందరూ అనుకుంటారు. ఎర్రచందనం చెక్కకు పరిమళం దాదాపు లేదు. పరిమళం ఉన్నది శాంటలాల్ అనే సువాసన పదార్థం ఉండే శ్రీగంధానికి. ఎర్రచందనం పేరుతో ఏదైనా కొవ్వొత్తి గుమగుమలాడితే ఆ వాసన వేరే దేనిదో అయి ఉంటుంది.

అనంతపురాన్ని ఒక వాసనలో చెప్పమంటే అక్కడివారు తడుముకోకుండా చెప్పేది తొలివాన మట్టి వాసన. ఈ వాసనకు 1964లో పెట్రికోర్ అని పేరు పెట్టినవారు ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ఇసబెల్ బేర్, రిచర్డ్ థామస్. ఎండిన రోజుల్లో రాళ్లలో, మట్టిలో కొన్ని తైలాలు పేరుకుంటాయని, చినుకు పడగానే అవి విడుదలవుతాయని వారు వివరించారు. దీనికి మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ సూక్ష్మజీవులు చేసే జియోస్మిన్ తోడవుతుంది. నీటిలో లక్ష కోట్ల భాగాలకు కొద్ది భాగాలున్నా మనిషి ముక్కు దాన్ని పసిగడుతుంది. 2015లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు వేగవంతమైన కెమెరాలతో చూసి, చినుకు నేలను తాకినప్పుడు అడుగున చిక్కిన గాలి బుడగలు పగిలి ఈ వాసనను గాలిలోకి చిమ్ముతాయని చూపించారు. కుంభవృష్టి కంటే సన్నటి, ఓ మోస్తరు వానలోనే ఇది ఎక్కువ. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే చూసే నేలలో, నెలల తరబడి ఎండిన ఎర్రమట్టి మీద, మృగశిర కార్తెలో పడే నాలుగు చినుకులకు ఊరంతా గడప బయటికి ఎందుకు వస్తుందో దీన్నిబట్టి కొంత అర్థమవుతుంది. మిగతా కొంత వేరుశనగ విత్తనానికి సంబంధించింది, రసాయన శాస్త్రం దాన్ని చెప్పలేదు.

ఈ వాసనను పట్టే విద్య ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో తరాల నుంచి ఉంది. కాల్చిన మట్టి పెళ్లలను రాగి పాత్రలో నీటితో మరిగించి, ఆ ఆవిరిని గంధపు నూనెలోకి పంపి మట్టి అత్తరు తీస్తారు. ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు కూడా తమ వ్యాసంలో దీన్ని ప్రస్తావించారు. ఇంట్లోనే కొవ్వొత్తులు పోసి అమ్ముకుంటున్నవారు చెర్రీ పువ్వు తైలం తెప్పించుకునే బదులు ఈ దారి గురించి ఆలోచించవచ్చు. కరిగే ఉష్ణోగ్రత ఎక్కువున్న మైనం ఎంచుకొని, వేసవి పార్సిళ్లు మానుకుంటే వస్తువు చెడకుండా చేరుతుంది. ఎవరి కోసం అన్నది మాత్రం ముందే తేల్చుకోవాలి. సీమలో ఉన్నవారికి ఆ వాసన జూన్‌లో ఉచితంగా వస్తుంది. అది కావలసింది బెంగళూరు అపార్ట్‌మెంట్లలో, టెక్సాస్‌లో, కువైట్‌లో ఉన్న సీమవారికి.

కువైట్ విషయంలో అదీ అంత సులువు కాదు. యజమాని ఇంట్లోనే ఉండి పనిచేసే కడప స్త్రీకి, ఒకే గదిలో పదిమందితో సర్దుకునే కార్మికుడికి, తన ఇష్టానికి ఒక మంట వెలిగించుకునే చోటు ఉండదు. వారి ఊరి వాసన మరోలా వెళ్తుంది. సెలవు ముగిసి తిరిగి బయలుదేరే రాత్రి, అదే సూట్‌కేసులో వేరుశనగ పొడి, నువ్వుల కారం, ఊరగాయ, ఎండుమిరపకాయలు సర్దుతారు. బట్టలకు వాసన పట్టకూడదని ఒక్కో పొట్లానికి రెండేసి కవర్లు చుట్టి రబ్బరు బ్యాండు వేస్తారు. ఎంత చుట్టినా కొంత పడుతుంది. అక్కడికి చేరి పెట్టె తెరిచాక, ఆ బట్టలను వెంటనే ఉతకడానికి మనసు రాదు.